పదా, పదమూడా? తొమ్మిదో నెల డోసు గురించి ఓ తల్లి ప్రశ్న

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి ఎనిమిదో నెల నడుస్తోంది. బస్తీ దవాఖానాలో 6 వారాలకి, 14 వారాలకి న్యుమోనియా టీకా, అదే పీసీవీ, వేయించాను. మా అక్క కొడుక్కి రెండేళ్లు. వాడికీ ఇదే టీకా పడింది. అయినా పోయిన నెల జ్వరంతో ఆస్పత్రిలో చేర్చారు. రక్త పరీక్షలో న్యుమోకోకస్, అంటే ఈ టీకా ఆపాల్సిన క్రిమే, వచ్చిందన్నారు. దేవుడి దయవల్ల కోలుకున్నాడు. ‘సర్కారు టీకాలో ఆ క్రిమి రకాలు 10 మాత్రమే ఉంటాయి, బయట 13 రకాలది దొరుకుతుంది, మళ్లీ మొదటి నుంచి వేయించు’ అని అందరూ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. తొమ్మిదో నెల డోసు ఆపేయాలా?
– ఒక తల్లి, బోరబండ

జవాబు: ఆపకండమ్మా. మిగతాది తర్వాత, ముందు ఈ మాట గట్టిగా పట్టుకోండి. మొదటి రెండు డోసులు తెచ్చిన రక్షణను నిలబెట్టేది ఆ మూడో డోసే.

ఇక రకాల లెక్క. న్యుమోకోకస్ క్రిమి చుట్టూ చక్కెర లాంటి పదార్థంతో ఒక పొర ఉంటుంది. ఆ పొరలో తేడాలను బట్టి దీన్ని 100కి పైగా రకాలుగా విడదీశారు. అందుకని ‘వందలో పదంటే పది శాతం రక్షణే కదా’ అనుకోకండి. వీటిలో చాలా రకాలు పిల్లల ముక్కులో, గొంతులో ఉండి ఏ హానీ చేయకుండానే పోతాయి. రక్తంలోకి, మెదడు పొరల్లోకి ఎక్కువగా చొరబడేవి కొన్నే. మన దేశంలో పిల్లల్లో తరచుగా దొరికిన 14, 19ఎఫ్, 6బి లాంటి పేర్లున్న రకాలు టీకాలో ఉన్నాయి.

అసలు అంకెను చూసి టీకాకి విలువ కట్టలేం. పది రకాల టీకాలే రెండున్నాయి. పాత విదేశీ టీకాలో 4, 18సి ఉంటే, పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్లది వాటికి బదులు 6ఎ, 19ఎ చేర్చింది. మన హైదరాబాద్ కంపెనీ బయోలాజికల్ ఇ అయితే 14 రకాలకు తయారుచేసింది. ఏ ఊళ్లో ఏ రకం తిరుగుతోంది, అది టీకాలో ఉందా లేదా అన్నదే చూడాలి.

మీ అక్క కొడుక్కి ఎందుకొచ్చింది? టీకాలో లేని రకం కావచ్చు. మూడో డోసు పడి ఉండకపోవచ్చు. అన్నీ పడినా కొద్దిమందికి వస్తుంది. 3వ రకం పొర మరీ మందం, అది చేర్చిన టీకాలు కూడా దాని మీద అంత గట్టిగా పనిచేయవు. మామూలు ల్యాబ్ రిపోర్టులో క్రిమి పేరే ఉంటుంది, రకం ఉండదు. రకం తేల్చే పని వేలూరు సీఎంసీ లాంటి కొన్ని చోట్లే జరుగుతుంది. ల్యాబ్‌లో ఆ క్రిమిని ఇంకా దాచి ఉంచారేమో మీ అక్కని అడిగి చూడమనండి. ఒకవేళ ఆ బాబుకి ఇదే జబ్బు రెండోసారి వస్తే మాత్రం రోగనిరోధక శక్తికి, ప్లీహానికి సంబంధించిన పరీక్షలు తప్పనిసరి.

టీకాలో ఉన్న రకాలు తగ్గితే లేనివి తలెత్తుతాయన్నదీ నిజమే. అమెరికాలో 2000లో 7 రకాల టీకా మొదలయ్యాక 19ఎ పెరిగింది. 2010లో దాన్ని కలిపి 13 రకాలది తెచ్చారు. ఇంత జరిగినా మొత్తం మీద అక్కడి పిల్లల్లో జబ్బు బాగా తగ్గింది.

టీకా లేని రోజులు నేను చూశానమ్మా. పీజీ చదివేటప్పుడు ఒక రాత్రి ఏడు నెలల పాపని తెచ్చారు. మూడు రోజులుగా మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ సిరప్ పోస్తున్నారట. మాడు ఉబ్బి గట్టిగా ఉంది. వెన్నులోంచి నీరు తీస్తే తేటగా రావాల్సింది, బియ్యం కడిగిన నీళ్లలా వచ్చింది. మెదడు పొరల జబ్బు అది. ఆ సిరప్ వల్ల కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగలేదు. పాప బతికింది. తర్వాత చూపించడానికి తెచ్చినప్పుడు వాళ్లమ్మ వెనక నిలబడి స్టీలు గిన్నె మీద గరిటెతో కొట్టింది. పాప తల తిప్పలేదు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే అడుగుతున్నాను, జ్వరానికి మీ అంతట మీరు యాంటీబయాటిక్ పోయకండి.

దీన్ని న్యుమోనియా టీకా అంటాం కానీ, దగ్గులన్నిటినీ ఇది ఆపదు. వైరస్‌లతో వచ్చే న్యుమోనియా వేరు. బాబు ఊపిరి తేడాగా ఉంటే, ఏడుపు ఆపి నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. రెండు నెలలు దాటి ఏడాదిలోపు పిల్లల్లో 50, ఆపైన ఐదేళ్ల వరకు 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆస్పత్రికి వెళ్లిపోండి. తెల్లారేదాకా ఆగకండి.

డబ్బు ఇబ్బంది లేకపోతే ఎక్కువ రకాల టీకా గురించి మీ పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి, తప్పేమీ లేదు. అప్పు చేసి మాత్రం వద్దు. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిన పని అసలే లేదు. తొమ్మిది నెలలు నిండగానే కార్డు తీసుకుని అదే బస్తీ దవాఖానాకి వెళ్లండి. తట్టు, రుబెల్లా టీకా కూడా అదే రోజు వేస్తారు. మీ అక్కగారి బాబు కార్డులో తొమ్మిదో నెల పీసీవీ గడిలో తేదీ ఉందో లేదో చూసి, నాకు మళ్లీ ఉత్తరం రాయండి.