సిలిండర్ టెస్టు ముందు, బంగారం తాకట్టు తర్వాత

ప్రశ్న: విజయవాడలో సొంత వ్యాగన్-ఆర్ క్యాబ్ నడుపుతున్నాను. సీఎన్‌జీ సిలిండర్ హైడ్రో టెస్టు గడువు వచ్చే నెలతో అయిపోతుంది. టెస్టుకు రూ.2,500, విప్పి బిగించడానికి రూ.800 అవుతుందట. షాపువాళ్లేమో "తుప్పు పట్టింది, ఎలాగూ ఫెయిలవుతుంది, రూ.24,000కి కొత్తది వేసేద్దాం" అంటున్నారు. సీఎన్‌జీ వల్ల నాకు రోజుకు రూ.300 మిగులుతోంది. బంగారం తాకట్టు పెట్టమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. రూ.3,300తో తేలిపోయే సంగతికి రూ.24,000 అప్పెందుకు?

బండిలోని సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి టెస్టు తప్పనిసరి, అదీ పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం ఉన్న స్టేషన్‌లోనే. అక్కడ సిలిండర్‌ను లోపలా బయటా చూసి, తూకం వేసి, నీళ్లు నింపి ఒత్తిడి పెంచుతారు. 200 బార్ ఒత్తిడి దగ్గర పనిచేసేదాన్ని దాదాపు 335 బార్ దాకా తీసుకెళ్తారు. అప్పుడు సిలిండర్ కాస్త ఉబ్బుతుంది, ఒత్తిడి తీశాక మళ్లీ యథాస్థితికి రావాలి. ఉబ్బినదాంట్లో 10 శాతానికి మించి అలాగే ఉండిపోయినా, అసలు బరువులో 5 శాతానికి పైగా తగ్గినా దాని పని అయిపోయినట్టే. ఇంకెవరూ వాడకుండా ముక్కలు చేయాల్సిందే.

పైపై తుప్పు బ్రష్‌తో పోతుంది. అసలు చూడాల్సింది బిగించే పట్టీల కింద. రబ్బరు అరిగిపోయిన చోట నీరు చేరి, లోహానికి గుంటలు పడతాయి. అలాంటిచోట "వెల్డింగ్‌తో సరిచేస్తాం" అన్నవాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండొద్దు. అతుకులేని సిలిండర్‌కు అలాంటి రిపేరు నిషేధం. డబ్బు పెట్టి మార్చుకోదగ్గవి వాల్వు, ఓ-రింగులు (గ్యాస్ లీకవకుండా వేసే రబ్బరు రింగులు), పైపు నట్లు మాత్రమే. అవి మార్చామంటే పాతవి చేతికివ్వమని అడగండి.

గ్యాస్ దాదాపు అయిపోయాకే బండి తీసుకెళ్లండి, మిగిలింది వాళ్లు ఎలాగూ బయటికి వదిలేస్తారు. టెస్టయ్యాక లోపల పూర్తిగా ఆరబెట్టారో లేదో అడగండి, తడి ఉంటే లోపలి నుంచే తుప్పు మొదలవుతుంది. బిగించాక ప్రతి జాయింటుకూ సబ్బునీళ్లు పూసి చూడమనండి. సర్టిఫికెట్‌లోని నంబరు, సిలిండర్ మెడ మీద కొట్టిన నంబరు ఒకటేనా అన్నది మీరే స్వయంగా సరిచూసుకోండి.

ఒకవేళ ఫెయిలైతే కొత్తది కొనడమే లాభం. రోజుకు రూ.300 లెక్కన 80 పనిదినాల్లో ఖర్చు తిరిగొస్తుంది. చేతిలో డబ్బు లేకపోతే అప్పుడు తాకట్టు పెట్టండి, కానీ నాలుగు నెలల్లో విడిపించేయాలి. నెలకు 25 రోజులు తిరిగితే మిగిలే రూ.7,500లో అసలు రూ.6,000, దాంతోపాటు వడ్డీ కట్టేయొచ్చు. ఈలోగా బండి పెట్రోలు మీద తిరుగుతుంది కాబట్టి కంగారుపడి చౌకగా దొరికే సెకండ్‌హ్యాండ్ సిలిండర్ జోలికి పోకండి. కొత్తది వేసినా ఆ వివరాలు బీమా కంపెనీకి చెప్పి పాలసీలో ఎక్కించుకోండి.

పాసైతే ఆ నెల నుంచే రూ.750తో 36 నెలల రికరింగ్ డిపాజిట్ మొదలెట్టండి. వడ్డీ కాకుండానే రూ.27,000 అవుతుంది. వడ్డీ కలిస్తే వచ్చే టెస్టు ఫీజుతోపాటు, అప్పుడు ఫెయిలైతే ఇప్పటి ధరకు కొత్త సిలిండర్ కూడా వస్తుంది.