బుజ్జమ్మకు, కొవ్వొత్తి స్టాండ్ల సంగతి

కావలి

బుజ్జమ్మా,

నిన్న మీ అమ్మ బిట్రగుంట నుంచి ఫోన్ చేసింది. ఒంగోల్లో కొత్తింటికి షాపులో ఏం కొనకుండా, పాత సీసాలూ కొబ్బరి చిప్పలూ పెట్టి కొవ్వొత్తి స్టాండ్లు నువ్వే చేస్తావంటగా. వినంగానే సంతోషమేసింది. జీతం మొదలై మూడు నెలలు కాలా, అప్పుడే రూపాయి విలువ తెలిసిందే మా పిల్లకి అనుకున్నా. కానీ కొబ్బరి చిప్ప అన్న మాటకి రాత్రి నిద్ర పట్టలా. ఫోన్లో చెబితే ‘ఊఁ ఊఁ’ అని వదిలేస్తావు, అందుకే కాయితం తీసుకున్నా.

సీసాలది పెద్ద కథేం కాదు. జామ్ సీసానో పచ్చడి సీసానో, మందంగా ఉండేది తీసుకో. నానేసి లేబుల్ గీకెయ్యి, ఆరాక అడుగున వేలెడు పొడి ఇసుక పోసి కొవ్వొత్తి గుచ్చు. సముద్రం ఇసుకైతే కడిగి ఎండబెట్టు, ఉప్పుకి చెమ్మ లాగుతుంది. టీ గ్లాసు మాత్రం వద్దు, మంట అడుక్కి దిగేసరికి పల్చటి గాజు టప్పుమంటుంది. దారం కిరసనాయిల్లో ముంచి చుట్టి, అంటించి సీసా కోసే వీడియోలు నువ్వు చూసే ఉంటావు. కోసేదేం వద్దు. చేతులు తెగ్గోసుకోడానికా నిన్ను అంత చదివించింది?

సిమెంటువి చెయ్యి. మీ పెదనాన్న ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటుతో చేసినవి రెండు, ఇప్పటికీ దేవుడి గూటి పక్కన ఉండాయి. సిమెంటు ఒక వంతు, జల్లించిన ఇసుక రెండు వంతులు. అట్ల పిండిలా కాదు, గారెల పిండిలా కలపాల. చేతికి కవరు తొడుక్కో, సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. పెరుగు డబ్బాకి లోపల నూనె రాసి నింపి, మధ్యలో నూనె రాసిన ముప్పావంగుళం పైపు ముక్క నొక్కు. కాస్త బిగిశాక పైపు తిప్పి లాగు. మర్నాడు డబ్బా కోసి తీసి వారం రోజులు బకెట్ నీళ్లలో ఉంచు. ఆగలేక నేను మూడోనాడే తీసింది నెర్రెలిచ్చింది.

ఇప్పుడు చిప్ప సంగతి.

1989 నవంబరు. దీపావళి అయి పది రోజులు. ఆ పండక్కి నేనూ నీలాగే చిప్పల్ని గాజుపెంకుతో గీకి, ఉప్పుకాయితంతో రుద్ది, రెండు పూతలు వార్నిషు కొట్టా. నేరేడు పండ్లలా మెరిసినాయి. వచ్చినోళ్లంతా యాడ కొన్నావని అడిగేవాళ్లు, నాకేమో గీర. అప్పుడొచ్చింది తుఫాను, కావలి దగ్గరే తీరం దాటింది. సాయంత్రానికే కరెంటు పోయింది. మీ పెదనాన్న ఊళ్లో లేడు. ఇంట్లో నేనూ, జ్వరంతో మీ అన్నా, నాకు తోడుగా వచ్చిన మీ అమ్మా. దానికి పదహారేళ్లు. తలుపుకి రోలు అడ్డం జరిపాం. లాంతర్లో కిరసనాయిలు లేదు. చిప్పలో కొవ్వొత్తి నిలబెట్టి పిల్లాడి మంచం పక్కన స్టూలు మీద పెట్టా. ఆ హోరులో నిద్రేం పడుతుందిలే అనుకున్నా. పట్టింది.

కొవ్వొత్తి అడుగంటి, మైనం చిప్పలో మడుగు కట్టి, వార్నిషు అంటుకుంది. రోజూ పొయ్యిలో వేసేది ఆ చిప్పలే కదా, అప్పుడెందుకు తట్టలేదో నాకు! కళ్లు తెరిచేసరికి దోమతెర కొస మండతా ఉంది. నేను పిల్లాణ్ని లాక్కున్నా. మీ అమ్మ చెంబుడు నీళ్లు తెచ్చి చిప్పలో గుమ్మరించింది. కాగే నూనెలో పడ్డట్టే, మైనం భగ్గున లేచి దాని ముంజేతి మీద పడింది. చివరికి తడి గోనెలు కప్పి ఆర్పాం.

ఆ మచ్చ నువ్వు చూశావు. గారెలు వేస్తుంటే నూనె చిందిందని చెప్పుంటుంది. పెదనాన్న నన్ను తిడతాడని ఆ రాత్రే అల్లిన అబద్ధం అది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మాట మార్చలా.

చిప్పలో మొక్క పెట్టుకో, పిన్నీసులు పోసుకో. నిప్పు వద్దు. చెక్కా, వెదురూ, థర్మాకోలూ అంతే.

మీ అన్న మార్కాపురం నుంచి పలకరాయి ముక్కలు తెచ్చాడు, గచ్చుకి వేయగా మిగిలినవి. అంచులు ఉప్పుకాయితంతో రుద్దు. పొర లేచింది ఉంటే పారెయ్యి. దాని మీద మట్టి ప్రమిదని ఎంసీల్‌తో అంటించు, ఫెవికాల్ అయితే వేడికి మెత్తబడుద్ది. నల్లరాయి మీద ఎర్రమట్టి, నీకే ముద్దొస్తుంది.

వత్తి పావంగుళం మించనీకు. జడా చున్నీ ముందుకేసుకుని వంగొద్దు. పక్కన ఓ సత్తు మూత ఉంచుకో, మైనం అంటుకుంటే మూసెయ్యి, నీళ్లు పొయ్యొద్దు. పడుకునే ముందు అన్నీ ఆర్పు. పండక్కి కూడా పెద్దమ్మ ఫైరింజన్నే పిలుస్తుందని నవ్వుకుంటావు. నవ్వుకో తల్లీ, ఆర్పి నవ్వుకో.

ఆదివారం మీ అన్న ఒంగోలు వస్తన్నాడు. పలకలు ఆరు, ప్రమిదలు డజను, మధ్యలో గుడ్డలు పెట్టి కట్టా. పైన నెల్లూరు మలై కాజాల డబ్బా ఉంటుంది, ముందు అది తియ్యి.

చేసిన వాటిల్లో మొదటి జత మీ అమ్మకియ్యి. మచ్చ సంగతి నేను రాశానని మాత్రం అనొద్దు.

పెద్దమ్మ