వ్యామ్ గుంత తవ్వేముందు

సిరొంచ

బిడ్డా,

మిరప నారుమళ్లకు వ్యామ్, అంటే వేర్లల్ల బతికే మైకోరైజా శిలీంధ్రం కలిపిన ఎరువు, సంచులు ఎన్ని కొనాలె అని అడిగినవు. ఒక్క కిలో చాలు, మిగిలింది మీ బచత్ గట్ (పొదుపు సంఘం) ఆడోళ్లే పెంచుకోవచ్చు. అయితే ఒక్క మాట మనసుల పెట్టుకో. ఇది సంచి విప్పి చల్లి మరిచిపోయే ఎరువు కాదు. బతికున్న వేరు దొరికితెనే బతికే శిలీంధ్రం ఇది. అందుకే గుంతల మక్క పెంచుడు, అందుకే చేను బీడు పెట్టొద్దనుడు.

ముందుగాల మీ నది ఒడ్డు చేను సంగతి. 2022 జులైల గోదావరి, ప్రాణహిత పొంగి మేట వేసినంక, ఆ చేన్ల మక్క పెడితే ఆకుల అంచులు ఊదారంగు తిరిగి మొక్క గిడసబారిందన్నవు కద. అది భాస్వరం అందని గుర్తు, కాని మట్టి పరీక్షల చూస్తే భాస్వరం ఉన్నదనే వచ్చె. 1993ల అమెరికాల మిస్సిసిపీ, మిస్సోరి నదులు పొంగినప్పుడు కూడ అక్కడి మక్క చేన్లకు మరుసటేడు ఇదే తీరు అయింది. పంట లేక నీళ్లు నిలిచిన నేలల మైకోరైజా తగ్గిపోతది. భాస్వరం నేలలనే ఉంటది, మొక్కకు తెచ్చిచ్చేది ఉండదు. ఆస్ట్రేలియాల ఎక్కువ కాలం బీడు పెట్టిన చేన్లల్ల కూడ రైతులు ఇదే చూసిన్రు. అక్కడ వరద లేదు, పంట లేకపోవుడే కారణం.

భాస్వరం మట్టిల కదలదు. వేరు తన చుట్టు ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది పీల్చుకున్నంక ఇంక అందదు. మైకోరైజా దారాలు పిల్లవేర్లు దూరలేని సందుల్లకు పోయి, సెంటీమీటర్ల దూరం నుంచి భాస్వరం, జింకు పట్టుకొస్తయి. వేరు కణాల లోపల చిన్న చెట్టు కొమ్మల్లెక్క విచ్చుకొని అక్కడ అప్పజెప్తయి. బదులుగ మొక్క చక్కెర, కొవ్వు ఇస్తది. తాను తయారు చేసుకున్న తిండిల నూటికి 4 నుంచి 20 వంతుల దాక ఇటే పోతది. అంత ఖర్చు ఊరికెనే ఏ మొక్క పెట్టుకుంటది? భాస్వరం పుష్కలంగ దొరికితే వేరు ఈ శిలీంధ్రాన్ని పిలువదు. మన దిక్కు మిరపకు బస్తాల మీద బస్తాలు డీఏపీ గుమ్మరించి, మీదికెళ్లి వ్యామ్ కూడ కొంటరు. ఆ రెండో ఖర్చు నీళ్లపాలే. మీరు మట్టి పరీక్ష కాగితం చూసి డీఏపీ తగ్గించినంకనే దీని జోలికి రండి.

గుంత రోహిణి కార్తెల పెట్టాలె. అప్పుడైతే పుష్యమి, ఆశ్లేషల నారు పోసేటాళ్లకు సరుకు చేతికొస్తది. మీటరు పొడుగు, మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు. అడుగున నల్ల పాలిథిన్ పరువాలె. 50 కిలోల వర్మిక్యులైట్‌ల (తడి పట్టి ఉంచే తేలికపాటి ఖనిజం పలుకులు) 5 కిలోల మట్టి కలిపి 20 సెంటీమీటర్ల మందం నింపాలె. ఆ మట్టిని ముందుగాల తడిపి డ్రమ్ముల ఆవిరి పట్టుండ్రి. లేకుంటే నులిపురుగులు, ఎండు తెగుళ్లు కూడ దాంతో పాటే నారుమడికొస్తయి. మిరప, టమాట, వంకాయ పెట్టిన చేని మట్టైతే అసలే తేవద్దు. కొన్న కిలో వ్యామ్‌ను పైనుంచి 2 నుంచి 5 సెంటీమీటర్ల లోతుల పరిచి, మక్క విత్తండి. విత్తనం ఇంటిదైతే మేలు, దుకాణం విత్తనాలకు తెగుళ్ల మందు పట్టించి ఉంటది. విత్తేటప్పుడు గుంత మొత్తానికి యూరియా 2 గ్రాములు, సూపర్ ఫాస్ఫేట్ 2 గ్రాములు, పొటాష్ ఒక గ్రాము. అవును, గ్రాములే, చదివి నవ్వొద్దు. 30 రోజులకు, 45 రోజులకు 10 గ్రాముల చొప్పున యూరియా. భాస్వరం ఇంక పెంచొద్దు.

రెండు నెలలకు పైన మక్క కోసేసి, వేర్లను సన్నగ తరిగి ఆ మట్టిలనే కలుపుండ్రి. 55 కిలోల దాక అయితది. నీడల ఆరబెట్టి దాచాలె.

నారుమడికి చదరపు మీటరుకు 100 గ్రాములు. ఎకరానికి ఒక సెంటు నారుమడి పోస్తం కాబట్టి ఎకరం నారుకు 4 కిలోలు. లెక్క చూస్తే మీ ఒక్క గుంత పదమూడు ఎకరాల నారుకు సరిపోతది. వ్యామ్ విత్తనం కింద 2, 3 సెంటీమీటర్ల లోతున ఉండాలె, మొలిచిన వేరు దాని మీదికెళ్లి పోవాలె. నాటిన చేను మీద పైపైన చల్లుడు, ఆకుల మీద పిచికారి కొట్టుడు వట్టి దండుగ.

నారుకుళ్లుకు మీరు కార్బెండజిమ్ అనే తెగుళ్ల మందు పోస్తున్నరు. అది ఈ శిలీంధ్రాన్ని కూడ దెబ్బతీస్తది. మెటలాక్సిల్ అనే మందు అంత చెరుపు చేయదు. నీళ్లు నిలువకుండ మడి ఎత్తు చేసుకుంటే సగం కుళ్లు అట్లనే పోతది.

దుకాణాల అన్ని పంటలకు పని చేస్తదని చెప్తరు, నమ్మకు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు, పాలకూరకు దీంతో సావాసం లేదు. మిరపల నల్ల తామర పురుగును కూడ ఇది ఆపదు. అదొచ్చినప్పుడు వ్యామ్ పని చెయ్యలేదని మీ గట్ల పంచాయితి పెట్టుకోవద్దు.

మీ చేన్ల మిరప ఏరినంక తడి ఉన్నన్ని రోజులు పెసరో జొన్నో ఏదో ఒకటి చల్లండి. ఎండాకాలం లోతు దుక్కులు కూడ జెర తగ్గించుండ్రి, దున్నితే దారాలు తెగుతయి.

శిలీంధ్రం వేరుకు పట్టిందా లేదా అన్నది కంటితోటి తెలువది. పేడ కుప్పల తెల్లగ కనపడే బూజు ఇది కాదు. నాటేముందు నాలుగు మొక్కల పిల్లవేర్లు కడిగి గడ్చిరోలి సోనాపూర్ కృషి విజ్ఞాన కేంద్రంల అడుగుండ్రి. వేరును క్షారంల ఉడికించి, సిర్కాల కలిపిన సిరా పట్టిస్తే సూక్ష్మదర్శిని కింద కనపడుతది. పోల్చి చూసుకునేటందుకు ఒక్క మడికి మాత్రం వ్యామ్ వెయ్యకుండ విడిచిపెట్టు. ఏ మడి ఏదో కర్ర పాతి గుర్తు పెట్టుకోండి, నారు పీకేటప్పుడు అన్నీ ఒక్క గంపలనే వేస్తరు మీరు.

మీ పెద్దమ్మ