మౌత్ వాష్ పుక్కిలిస్తే పిల్లల పళ్ళ పాచి పోతుందా?

ఆరేళ్ళ పాప బ్రష్ చూస్తేనే ఏడుస్తోంది, దాని బదులు రోజూ మౌత్ వాష్ పుక్కిలింపిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. మాది కోనసీమ, రాజోలు వైపు. మా రెండోవాడితో మేమూ ఇదే గొడవ పడ్డాం.

పాచి అంటే పళ్ళకి అంటుకున్న అన్నం మెతుకులు కాదు. సూక్ష్మజీవులు జిగురుగా పొర కట్టి పంటిని పట్టుకుని ఉంటాయి. మా కాలవ రేవు మెట్ల మీద రోజంతా నీళ్ళు పారుతూనే ఉంటాయి, పాచి మాత్రం కదలదు. కొబ్బరి పీచు పెట్టి రుద్దితేనే వదులుతుంది. పళ్ళ సంగతీ అంతే.

అమలాపురంలో పళ్ళ డాక్టరు గారు పాచికి రంగు పట్టే బిళ్ళ ఇచ్చారు. మావాడు అది నమిలి ఉమ్మి అద్దం ముందు నోరు తెరిస్తే, చిగుళ్ళ అంచు వెంట గీత గీసినట్టు గులాబీ రంగు, దవడ పళ్ళ గుంటల్లో ఇంకా ముదురుగా. మౌత్ వాష్ పోసి పుక్కిలించమన్నాం. కాస్త వెలిసిందే తప్ప గీత చెదరలేదు. బ్రష్‌ని చిగురు వైపు వాల్చి మెల్లగా తిప్పితే పోయింది. తర్వాత వాడే రంగు బిళ్ళ ఇమ్మని వెంటపడ్డాడు!

అసలు పాప ఎందుకు ఏడుస్తోందో చూడండి. చాలాసార్లు పేస్టు మంటే కారణం, లేదా బ్రష్ గరుకుగా ఉంటుంది. ఘాటు లేని పిల్లల పేస్టు తీసుకోండి. అందులో పళ్ళు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ 1000 పిపిఎంకి (పది లక్షల పాళ్ళలో వెయ్యికి) తగ్గకూడదు, పేస్టు బఠాణీ గింజంత చాలు. మూడేళ్ళ లోపు వాళ్ళకైతే బియ్యపు గింజంత. పీట మీద కూర్చోబెట్టి, వెనక నుంచి తల మీ ఒడికి ఆనించుకుని మీరే తోమండి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా వాళ్ళంతట వాళ్ళకి సరిగా కుదరదు. పాల పళ్ళ వెనక ఈ వయసులో కొత్త దవడ పన్ను వస్తుంది, అది ఇక ఊడేది కాదు. బ్రష్ అక్కడిదాకా వెళ్ళాలి. మా అత్తగారు వేప పుల్ల చాలదా అంటారు. ఆవిడకి సరే, చిన్నపిల్లల నోట్లో అంత వెనక్కి పుల్ల ఎలా అందుతుంది?

ఆరేళ్ళ లోపు పిల్లలకి మౌత్ వాష్ వద్దంటారు, మింగేస్తారు కాబట్టి. పిప్పి పళ్ళు ఎక్కువుంటే ఆపై వయసు వాళ్ళకి డాక్టర్లు పుక్కిలించే ఫ్లోరైడ్ ద్రవం వాడమంటారు, అదీ బ్రష్‌తో పాటే. చిగుళ్ళు వాచినప్పుడు ఇచ్చే క్లోర్‌హెక్సిడిన్ అనే మందు మౌత్ వాష్ కొన్నాళ్ళకే. ఎక్కువ రోజులు వాడితే పళ్ళు గోధుమ రంగుకి తిరుగుతాయి, నోటికి రుచి కూడా మారుతుంది.

చిగుళ్ళ దగ్గర ఇప్పటికే పసుపుగా గార గట్టిపడి ఉంటే మాత్రం బ్రష్‌కి రాదు, డాక్టరు దగ్గర క్లీనింగ్ చేయించాల్సిందే.