45కే ఉద్యోగం మానేసి పొలంలో బతకొచ్చా అని అడిగిన మీకు

మీ వయసు 34, ఋషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పొదుపు చేసి 45 కల్లా రిటైర్ అయి, వైజాగ్ దగ్గర ఎకరం కొని బతకాలనుకుంటున్నారు. సాధ్యమేనా అని అడిగారు. సాధ్యమే. నేను 47కి మానేశాను. కాకపోతే మీ లెక్కలో జీతం ఆగాక పొలం ఆదాయంతో ఇల్లు గడుస్తుందని వేసుకున్నారు. ఆ ఒక్క లైను కొట్టేయండి.

మాది పద్మనాభం మండలంలో 80 సెంట్ల మెట్ట, ఎర్రనేల. 2014 అక్టోబర్ 12న వచ్చిన తుఫాను హుద్‌హుద్‌కి అందులో ఉన్న పాత జీడిచెట్లు సగం వేళ్లతో సహా లేచిపోయాయి. ఆ రైతు మళ్లీ తోట వేసే ఓపిక లేక అమ్మకానికి పెట్టాడు. 2016లో కొన్నాం. మరుసటి జూలైలో ఎనిమిది మీటర్ల ఎడంతో బీపీపీ-8 రకం జీడి అంట్లు 45 నాటాం. మధ్యలో కందులు, ఉలవలు. కిందటేడాది జీడిపిక్కలు 80 కిలోల బస్తాలు రెండున్నర వచ్చాయి. చేతికి పాతికవేలు. కలుపు, మందు, కోత కూలి పోగా మిగిలింది 14 వేలు. మా నెల ఖర్చు 20 వేలు. అంటే ఏడాది తోట మాకు నెల తిండి కూడా పెట్టలేదు. అయినా నేను నిశ్చింతగా నిద్రపోతున్నానంటే, ఆ 14 వేల మీద ఆధారపడలేదు కాబట్టే.

ఏడాది ఖర్చు 2,40,000. దానికి 30 రెట్లు, అంటే 72 లక్షలు చేతిలో ఉన్నాకే రాజీనామా ఇచ్చాను. 25 రెట్లు చాలంటారు గానీ, మన దగ్గర ధరలు పెరిగే తీరు చూస్తే నాకు ధైర్యం చాలలేదు. బాబు చదువు డబ్బు, పొలం కొన్న డబ్బు ఇందులో లేవు.

ఆ డబ్బు ఎలా కూడిందంటే, 2005 నుంచి మేమిద్దరం సంపాదించినదాంట్లో సగం ముట్టుకోలేదు. నాది హార్బర్ దగ్గర ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్, మా ఆవిడ స్కూల్ టీచర్. పీపీఎఫ్‌కి (ప్రభుత్వ పొదుపు ఖాతా) 15 ఏళ్ల గడువు కాబట్టి అది మొదటి ఏడాదే తెరిచాం. కంచరపాలెంలో రెండు గదుల అద్దె ఇల్లు మారలేదు. కూరగాయలు రైతు బజారులో, బోర్డు మీద రాసిన రేటుకే. ఉద్యోగానికి బస్సు పాస్. రోజూ రాత్రి ఆవిడ నోట్‌బుక్‌లో ఖర్చు రాసేది, "పాలు 24, కొత్తిమీర 5" దాకా. మానేయడానికి ముందు రెండేళ్లు, జీతం వస్తున్నా, అచ్చం 20 వేలతోనే గడిపి చూశాం. మీరూ ఆ పరీక్ష పెట్టుకోండి. నాలుగో నెలలోనే తెలిసిపోతుంది.

ఇక పొలం. కొనేముందు ఒక ఏడాది 20 సెంట్లు కౌలుకి తీసుకుని శనాదివారాలు పని చేయండి. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక ఆనందపురం, తగరపువలస వైపు ధరలు బాగా పెరిగాయి. కొని చూసి నేర్చుకునే రోజులు కావివి.

నీళ్లు వానాకాలంలో చూడకండి. నవంబరులో ఒక పొలం చూపించారు, నుయ్యి చేతికందేంత నిండుగా ఉంది. ఏప్రిల్ నెలాఖరులో మళ్లీ వెళ్లి తాడుకి రాయి కట్టి దింపాను. పైకి లాగితే రాయికి ఒట్టి బురద. అదే రోజు ఇంకో నూతిలో దింపితే తాడు నాలుగు మూరలు తడిసింది. కొన్నది అదే.

కాగితాల్లో నేను ఒకసారి దెబ్బతిన్నాను. అంతకుముందు ఒక మధ్యవర్తి మాట నమ్మి వేరే పొలానికి 50 వేలు అడ్వాన్స్ ఇస్తే, అందులో 30 సెంట్లు డి-పట్టా, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి, అని తర్వాత తేలింది. ఆరు నెలలు తిరిగితే సగమే వెనక్కి వచ్చింది. అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి ఏది చెల్లుతుందో లాయరే చెప్పాలి. అడంగల్ (ఎవరు సాగు చేస్తున్నారో), 1బీ (ఎవరి పేరున ఉందో), ఈసీ (పాత అమ్మకాలు, తాకట్లు), 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములు) చూడకుండా రూపాయి కూడా ఇవ్వకండి. అలాగే, మానేస్తే కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ పోతుంది. కొత్త పాలసీలో ముందే ఉన్న జబ్బులకి కొంతకాలం డబ్బు రాదు (వెయిటింగ్ పీరియడ్) కాబట్టి సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి.

చివర్లో, మీ ఆవిడకి ఇది అంతగా ఇష్టం లేదని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు అదే అన్నిటికన్నా పెద్ద విషయంగా కనిపించింది. మా ఆవిడ కూడా మొదట వద్దంది. ఏం కావాలని కూర్చుని అడిగితే రెండే చెప్పింది: పొలంలో తలుపున్న బాత్రూం, నెలకోసారి వాళ్ల అమ్మగారింటికి గాజువాక వెళ్లడం. డ్రిప్ పైపులకి దాచిన డబ్బు తీసి ముందు బాత్రూం కట్టించాను. డ్రిప్ ఏడాది ఆలస్యమైంది. ఆ వేసవంతా ఇద్దరం బిందెలతో మోసి అంట్లకి నీళ్లు పోశాం. ఇప్పుడు ఉలవలు ఎప్పుడు చల్లాలో తనే చెబుతుంది. మీ ఆవిడని ఈ రాత్రే అడగండి, ఏం కావాలని.