ఎఫ్4 నుంచి జీటీ కార్లకు మారడం వెనకడుగా? మా మేనల్లుడి వెంట తిరిగి నేను చూసింది

ఎఫ్4 అంటే ఫార్ములా 1 వైపు ఎక్కే మెట్లలో కింద ఉండే, ఒక్కరే కూర్చునే రేసు కారు. జీటీ అంటే షోరూమ్ స్పోర్ట్స్ కార్లను రేసుకి మార్చి తయారుచేసినవి. కావలి నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. కార్టింగ్, ఎల్‌జీబీ ఫార్ములా 4 అనే దేశీయ రేసు క్లాసు అయ్యాక ఒక ఎఫ్4 సీజన్ చేశాడు. పై మెట్టుకి మా దగ్గర డబ్బు చాలదు. జీటీ కార్లకు మారమని కోచ్ అంటున్నారు. మారితే ఫార్ములా 1 ఆశ వదులుకున్నట్టేనా? ఇన్నేళ్ల కష్టం వృథా కాదా?"

అన్నా, నాకు నెల్లూరు ఆటోనగర్‌లో వర్క్‌షాప్ ఉంది. మా అక్క కొడుకు సరిగ్గా ఈ దారిలోనే నడిచాడు. వాడి వెంట టూల్‌బాక్స్ పట్టుకుని చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ నుంచి మలేషియా సెపాంగ్ దాకా తిరిగాను. అందుకే సూటిగా చెప్తున్నా. మారండి. ఉన్నదంతా ఊడ్చిపెట్టుకున్నాక మారదామని మాత్రం ఆగొద్దు. ఇంకో సీజన్‌కి సరిపడా డబ్బు చేతిలో ఉండగానే మారండి.

ముందు ఫార్ములా 1 సంగతి. ప్రపంచం మొత్తానికి 2026లో ఉన్నవి 22 సీట్లు. అందులో కూర్చోవాలంటే సూపర్ లైసెన్స్ కావాలి, దానికి మూడు సీజన్లలో 40 పాయింట్లు రావాలి. ఆ పాయింట్లు ఎక్కువగా దొరికేది ఫార్ములా 3, ఫార్ములా 2లో. అక్కడ ఒక్క సీజన్ ఖర్చే కోట్లు, పైకి పోయేకొద్దీ పదుల కోట్లు. మన దేశం నుంచి ఇప్పటిదాకా ఫార్ములా 1 రేసుల్లో నడిపింది ఇద్దరే: 2005లో నరేన్ కార్తికేయన్, 2010లో కరుణ్ చంధోక్. ఆ తర్వాత వాళ్లేం చేశారో కూడా చూడండి. కరుణ్ 2012లో ఫ్రాన్స్‌లో జరిగే లీమాన్స్ 24 గంటల రేసుకి వెళ్లి, అందులో పోటీపడిన తొలి భారతీయుడయ్యాడు, వాళ్ల కారు మొత్తం మీద ఆరో స్థానంలో వచ్చింది. నరేన్ 2019లో జపాన్ సూపర్ జీటీకి వెళ్లాడు. ఆ ఏడాది నవంబర్‌లో ఫుజీ ట్రాక్‌లో సూపర్ జీటీ కార్లు, జర్మనీ రేసు సిరీస్ డీటీఎం కార్లు కలిసి పరిగెత్తినప్పుడు ఒక రేసు గెలిచాడు కూడా. బెంగళూరు కుర్రాడు అర్జున్ మైనీ ఫార్ములా 2 దాకా వెళ్లి, 2021లో మెర్సిడెస్ జీటీ3 (జీటీల్లో వేగమైన తరగతి) కారుతో డీటీఎంలో దిగాడు. వీళ్లెవరినీ ఓడిపోయినవాళ్లని నేను అనుకోను.

మా వాడికి నేను తరచూ చెప్పే పేరు రఫాయెలె మార్చెల్లో. 2013లో యూరోపియన్ ఎఫ్3 ఛాంపియన్, ఫెరారీ అకాడమీ కుర్రాడు. ఫార్ములా 1 రేసు సీటు మాత్రం దొరకలేదు. జీటీకి మారాక 2022లో బెల్జియంలోని స్పా 24 గంటల రేసు గెలిచిన ముగ్గురిలో ఒకడయ్యాడు, మకావులో జీటీ ప్రపంచ కప్ 2019లో, 2023లో గెలిచాడు. కార్ల కంపెనీలు ఇలాంటివాళ్లకు జీతమిచ్చి పెట్టుకుంటాయి. జూనియర్ ఫార్ములాల్లో అంతా తిరగబడి ఉంటుంది, డ్రైవరే టీమ్‌కి ఎదురు డబ్బు కట్టాలి.

ఆ ఎదురు డబ్బు బాధ మేం పడ్డాం. మన దేశపు ఎఫ్4 ఛాంపియన్‌షిప్ 2023లో మొదలైతే మా వాడు ఆ ఏడాదే దిగాడు. డిసెంబర్‌లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రి రేసు ఉంటుందని మా ఊరి రొయ్యల వ్యాపారి ఒకాయన కారు మీద తన పేరు వేయించుకుంటానన్నారు. ఇంతలో మిచాంగ్ తుపాను వచ్చింది. మన దగ్గరా ఆ వారం కాలు బయట పెట్టలేకపోయాం కదా. రేసు వాయిదా పడి 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో జరిగింది. అప్పటికి ఆయన ఉత్సాహం చల్లారిపోయింది. ఆ సీజన్ లెక్కంతా మా బావే అప్పు చేసి సర్దాడు. ఫార్ములా కార్లలో మా ప్రయాణం అక్కడితో ఆగింది.

జీటీలో డబ్బు నడిచే తీరు వేరు. డ్రైవర్లను కింద నుంచి పైకి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని గ్రేడులుగా విడదీస్తారు. బ్రాంజ్ అంటే ఎక్కువగా వ్యాపారాలున్న పెద్దవాళ్లు, ఇష్టంతో రేసుల్లోకి వచ్చినవాళ్లు. చాలాసార్లు కారు ఖర్చు భరించేది వాళ్లే. లీమాన్స్‌లో 2024 నుంచి పరిగెత్తుతున్న జీటీ3 కార్లలో కూడా ముగ్గురు డ్రైవర్లలో ఒకరు తప్పనిసరిగా బ్రాంజ్ అయ్యుండాలి. వాళ్ల పక్కన వేగంగా నడిపే కుర్రాడు కావాలి, పైగా గ్రేడు సిల్వర్ దాటకపోతే టీమ్‌కి ఇంకా లాభం. మీ వాడి వయసు, అనుభవం చూస్తే సిల్వరే వచ్చే అవకాశం ఎక్కువ. సిల్వర్‌లో ఉండి గోల్డ్‌లా నడిపేవాడి కోసం టీమ్‌లు వెతుక్కుంటూ వస్తాయి.

ఇక నడపడం. ఎఫ్4 కారు డ్రైవర్‌తో కలిపి ఆరేడు వందల కిలోలు, ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసేది) ఉండదు. బ్రేక్ కొంచెం ఎక్కువ తొక్కితే ముందు చక్రం బిగుసుకుంటుంది, టైర్ ఒకచోట చదునుగా అరిగి మిగతా రేసంతా స్టీరింగ్ వణుకుతూనే ఉంటుంది. అందుకే వాళ్ల పాదం చాలా సున్నితంగా తయారవుతుంది. జీటీ3 కారు దానికి దాదాపు రెండింతలు బరువు, 500 హార్స్‌పవర్ పైన, ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కితే చక్రం జారి తిరక్కుండా చూసేది) రెండూ ఉంటాయి. కాస్త తక్కువ వేగమున్న జీటీ4లోనూ ఇవి ఉంటాయి. మా వాడు జీటీ4లో మొదటి టెస్ట్ రోజు ప్రతి మలుపులోనూ బ్రేక్ దగ్గరే టైమ్ పోగొట్టుకున్నాడు. కారు నమోదు చేసిన డేటాలో, బ్రేక్ ఎంత బలంగా తొక్కాడో చూపే వాడి గీత మెల్లమెల్లగా ఎక్కుతోంది, పక్కనే అనుభవమున్న డ్రైవర్ గీత గోడలా నిలువుగా లేచింది. ఏబీఎస్ పెడల్ కింద టకటకమంటున్నా భయపడకుండా మొదటి తొక్కులోనే బలమంతా పెట్టాలి, తర్వాత మలుపులోకి తిరుగుతూ మెల్లగా వదలాలి. పాత అలవాటు వదిలించుకోవడానికి వాడికి చాలా టైమే పట్టింది.

వేడి సంగతి కూడా ముందే చెప్తున్నా. ఫార్ములా కారులో మొహానికి గాలి తగులుతుంది. జీటీ కారు లోపల రోహిణీ కార్తెలో అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారులా ఉంటుంది, అందులో గంటకు పైగా నడపాలి. మన ఎండలకు అలవాటుపడ్డ పిల్లలు కాబట్టి మా వాడు తట్టుకున్నాడు. అయినా నీళ్లు, ఉప్పు, నిద్ర విషయంలో అక్క చాలా కచ్చితంగా ఉండేది.

అన్నిటికంటే పెద్ద మార్పు, కారు మీ వాడొక్కడిది కాదు. ఫార్ములా కారులో డ్రైవర్ వీపు వెనక సంచిలో ఫోమ్ పోసి, అది వేడెక్కి గట్టిపడేదాకా కదలకుండా కూర్చోబెట్టి, వాడి ఒంటికి సరిపోయేట్టు సీటు తయారుచేస్తాం. జీటీలో సీటు ఒక్కటే, ఇద్దరు ముగ్గురు పంచుకోవాలి. పిట్‌లో, అంటే రేసు మధ్యలో కారు ఆపే చోట, దిగేవాడే ఎక్కేవాడికి బెల్టులు బిగించాలి, రేడియో వైరు, నీళ్ల గొట్టం తగిలించాలి. మా షెడ్‌లో పాత ఎస్టీమ్ బాడీ ఒకటి పడుంటే దానికి రేసింగ్ బెల్టులు బిగించాను. పనివాళ్లు ఇళ్లకు వెళ్లాక మా వాడు, నేను స్టాప్‌వాచ్ పెట్టుకుని ఎక్కడం దిగడం సాధన చేసేవాళ్లం. హెల్మెట్ పెట్టుకుని, కళ్లు మూసుకుని బెల్టు బకిల్ చేతికి దొరికేదాకా చేయించాను. మొదటి రేసులో టీమ్ మేనేజర్ మెచ్చుకున్నది వాడి ల్యాప్ టైమ్‌ని కాదు, ఈ పనినే.

ఇంకో మాట. పక్కనున్న బ్రాంజ్ డ్రైవర్‌ని చిన్నచూపు చూడకుండా, తనెక్కడ బ్రేక్ వేస్తున్నాడో ఓపిగ్గా చెప్పగలగాలి. మా వాడిని రెండో ఏడాది మళ్లీ పిలిచింది ఆ పెద్దాయనే, "ఈ అబ్బాయి పక్కనుంటే నాకు టెన్షన్ ఉండదు" అని.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తా. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు కారు దెబ్బతింటే ఎవరెంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి, జీటీ కారు ముందుభాగం ఒక్కసారి పోయినా బిల్లు లక్షల్లో వస్తుంది. సీజన్ మొత్తానికి మాట ఇవ్వకుండా ముందు ఒక టెస్ట్ రోజు కొనుక్కోండి. ఆ రోజు కొత్త టైర్ల మీద వచ్చే ఒక్క ల్యాప్ చూసి సంబరపడొద్దు. టైర్లు అరిగాక, ఒళ్లు అలిసాక వచ్చే ల్యాపులు వరుసగా ఒకే తీరున ఉన్నాయో లేదో డేటా ఇంజనీర్‌ని అడిగి చూడండి. అవి నిలకడగా ఉంటే కోచ్ చెప్పింది వినండి.