టెక్ సందేహాలు: నల్గొండ అని కొడితే టాంజానియా వస్తోంది!

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ సమస్య తీసుకున్నాను. వికీపీడియా వద్దు, పబ్‌మెడ్ లాంటి పరిశోధన వ్యాసాల డేటాబేస్‌లో ఆర్టికల్స్ చూడమని మా మేడమ్ చెప్పారు. ప్రశ్న మొత్తం ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే పనికొచ్చేది ఒక్కటీ రాలేదు. ఉత్తి ‘నల్గొండ’ అని కొడితే టాంజానియా, ఇథియోపియా అంటూ ఏవేవో వస్తున్నాయి. సబ్మిషన్ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. - ఒక విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: ముందు ఆ టాంజానియా సంగతి చూద్దాం. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి ఒకటుంది. నాగ్‌పుర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఆ పద్ధతికి మీ జిల్లా పేరే పెట్టారు: నల్గొండ టెక్నిక్. తూర్పు ఆఫ్రికాలోనూ ఫ్లోరైడ్ బాధ ఉంది కాబట్టి అది అక్కడిదాకా వెళ్లింది. ఏది ఊరి పేరో, ఏది పద్ధతి పేరో డేటాబేస్‌కు పట్టదు. మీరు కొట్టిన మాట ఆర్టికల్లో ఉందా లేదా అన్నదే దాని లెక్క.

అందుకే ప్రశ్న మొత్తం దానికి అప్పజెప్పకండి. అందులోంచి గట్టి మాటలు రెండే తీయండి: ఫ్లోరైడ్, నల్గొండ. రాసినవాళ్లు వీటికి బదులు ఇంకేం మాట వాడి ఉంటారో ఆలోచించండి. నీళ్ల గురించి రాసినవాళ్లు ఫ్లోరైడ్ అంటారు. పళ్లు, ఎముకల గురించి రాసిన డాక్టర్లు ఫ్లోరోసిస్ అంటారు. ఊరి పేరు దగ్గర ఇంకో చిక్కుంది. 2014 జూన్ 2కు ముందు వచ్చిన ఆర్టికల్స్‌లో మీ జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో ఉంటుంది. తెలంగాణ అని మాత్రమే వెతికితే పాత పరిశోధన చాలావరకు జారిపోతుంది. పైగా 2016లో జిల్లాలు విడదీసేదాకా సూర్యాపేట, భువనగిరి కూడా నల్గొండలోనివే. పాత అంకెలను ఇప్పటి జిల్లాకు అంటగట్టేముందు ఆ సంగతి గుర్తుంచుకోండి. వైవాలో అడిగే ప్రశ్న ఇది!

ఇప్పుడు సెర్చ్ బాక్సులో ఇలా కొట్టండి:

(ఫ్లోరైడ్ ఆర్ ఫ్లోరోసిస్) ఆండ్ (నల్గొండ ఆర్ తెలంగాణ ఆర్ "ఆంధ్రప్రదేశ్")

టైప్ చేసేది ఇంగ్లిష్‌లోనే. ఆర్ అంటే వాటిలో ఏదో ఒకటి ఉన్నా చాలని, ఆండ్ అంటే రెండు వైపులవీ ఉండాలని. ఆ రెండూ మాత్రం క్యాపిటల్ లెటర్స్‌లో ఉండాలి. ఇంగ్లిష్‌లో ఆంధ్ర, ప్రదేశ్ రెండు మాటలు కాబట్టి వాటికి కొటేషన్ గుర్తులు. బ్రాకెట్లు మరిస్తే మాత్రం తిప్పలే. పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది, చివరికి తెలంగాణ పేరున్న డెంగీ, డయాబెటిస్ ఆర్టికల్స్ కూడా వచ్చి పడతాయి.

ఆఫ్రికా ఆర్టికల్స్ పోవాలని నాట్ (ఈ మాట ఉన్నవి వద్దు అని చెప్పేది) పెట్టి ‘నల్గొండ టెక్నిక్’ను తీసేయకండి. ఆ పద్ధతిని ఒక్క వాక్యంలో ప్రస్తావించిన మీ జిల్లా ఆర్టికల్ కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ మాటతో మొదలయ్యేవన్నీ వస్తాయంటారు, నిజమే. తెలివి చూపిద్దామని ఒకసారి ‘ఫ్లోర్’ తర్వాత నక్షత్రం పెట్టాను. ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపులన్నీ స్క్రీన్ మీద వాలిపోయాయి.

మంచి ఆర్టికల్ ఒక్కటి దొరికితే సగం పని అయినట్టే. ముందు అబ్‌స్ట్రాక్ట్, అంటే సారాంశం చదవండి. నచ్చితే దాని పేజీలోనే ‘సిమిలర్ ఆర్టికల్స్’ (అలాంటివే), ‘సైటెడ్ బై’ (దాన్ని ప్రస్తావించిన తర్వాతివి) ఉంటాయి, వాటి వెంట వెళ్లండి. పబ్‌మెడ్ ప్రధానంగా వైద్యానిది. ఫ్లోరైడ్ రాతిలోంచి నీటిలోకి ఎలా దిగుతుందన్నది భూగర్భ శాస్త్రం వాళ్ల పని, దానికి గూగుల్ స్కాలర్ చూడండి. శోధ్‌గంగలో మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు అధ్యాయాలవారీగా పీడీఎఫ్‌లలో ఉచితంగా దొరుకుతాయి. ‘రివ్యూ ఆఫ్ లిటరేచర్’ అధ్యాయం తెరిస్తే పాత ఆర్టికల్స్ జాబితా సిద్ధంగా ఉంటుంది. కాపీ కొట్టడానికి కాదు సుమా.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ని. మా బందరు రేవు చరిత్ర చదవాలని కోరిక. పరిశోధన పత్రికల ఆర్టికల్స్ ఉండే జేస్టోర్ వెబ్‌సైట్‌లో మచిలీపట్నం అని వెతికితే పెద్దగా ఏమీ రావడం లేదు. పైగా నాకు కాలేజీ లాగిన్ లేదు. - ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: మాస్టారూ, 1611లో మీ ఊళ్లో కోఠీ (వర్తక స్థావరం) పెట్టుకున్న ఇంగ్లిష్ కంపెనీ వాళ్లు దాన్ని మచిలీపట్నం అనలేదు. మసూలిపటం అన్నారు, మసూలిపట్నం అని కూడా రాశారు. చరిత్రకారులూ ఆ స్పెల్లింగులే ఎక్కువగా వాడతారు. మూడు పేర్ల మధ్యా ఆర్ పెట్టి, పక్కన ఆండ్ పెట్టి ‘ట్రేడ్’ కలపండి. లాగిన్ బెంగ అక్కర్లేదు. ఈమెయిల్‌తో ఉచిత ఖాతా తెరిస్తే జేస్టోర్‌లో నెలకు 100 ఆర్టికల్స్ దాకా ఆన్‌లైన్‌లోనే చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ మాత్రం కుదరదు. చాలా పత్రికల తాజా సంచికలు అక్కడికి కొన్నేళ్లు ఆలస్యంగా చేరతాయి. నాలుగు వందల ఏళ్ల నాటి రేవుకు ఆ ఆలస్యం ఏపాటి!

ప్రశ్న: ఏఐ చాట్‌బాట్ ఐదు ఆర్టికల్స్ పేర్లు ఇచ్చింది. ఒక్కటీ దొరకడం లేదు. - ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: బహుశా అవి లేనే లేవు. రచయిత పేరు, పత్రిక పేరు అతికినట్టు కుదిర్చి లేని ఆర్టికల్‌ను పుట్టించడం చాట్‌బాట్‌లకు అలవాటే. శీర్షికను కొటేషన్ గుర్తుల్లో పెట్టి గూగుల్ స్కాలర్‌లో చూడండి. 10తో మొదలయ్యే డీఓఐ నంబర్ (ఒక్కో ఆర్టికల్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఉంటే డీఓఐ డాట్ ఆర్గ్‌లో వేయండి. ఏమీ తెరుచుకోకపోయినా, వేరే ఆర్టికల్ తెరుచుకున్నా ఆ పేరు మీ రిపోర్టులోంచి తీసేయండి.